పద్నాలుగు నిమిషాల రికార్డు

పెళ్లికి ముందు వసంతలక్ష్మి చీరాలలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగేళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పింది. పిల్లల చేయి పట్టి పలక మీద దిద్దించడం, ముక్కులు తుడవడం, ఊడిన జడలు మళ్లీ అల్లడం, ఏడ్చేవాళ్లను చంకనేసుకుని వరండాలో తిప్పడం అన్నీ ఆమె పనే. బడి హెడ్మాస్టరు వీరాంజనేయులుగారు అప్పుడప్పుడు గదిలోకి తొంగి చూసి, "ఏంటమ్మా, అన్ని గదుల్లో పిల్లలు బళ్లోకి రమ్మంటే ఏడుస్తారు, నీ గదిలో ఇంటికి పొమ్మంటే ఏడుస్తారు" అనేవారు. ఆ మాట ఆమెకు జీతం కంటే ఎక్కువ.

2000లో రఘువీర్‌ను పెళ్లి చేసుకుని న్యూజెర్సీ వచ్చింది. ఎడిసన్‌లో రెండు గదుల అపార్ట్‌మెంటు. అతను రోజూ రైల్లో న్యూయార్క్ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చేవాడు. మరుసటి ఏడు తార పుట్టింది.

అసలు సంగతి జరిగింది 2004 జులైలో. తారకు మూడేళ్లు. చెవిపోటుతో, జ్వరంతో మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు పిల్లకి, తల్లికి కూడా. నాలుగో రోజు పొద్దున డాక్టరు మందు రాశాడు. వసంతలక్ష్మికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చి మూడు నెలలే అయింది. మందుల షాపు ముందు కారు ఆపి వెనక్కి తిరిగి చూస్తే పిల్ల మెడ వాల్చి నిద్రపోతోంది. మూడు రోజుల తర్వాత పట్టిన మొదటి నిద్ర. లేపడానికి చేయి రాలేదు. అద్దాలు రెండు వేళ్ల మేర దించి, కారు తాళం వేసి, ఇట్టే వచ్చేస్తాననుకుంటూ లోపలికి పరుగెత్తింది.

లోపల మందు సిద్ధంగా లేదు. ఇన్సూరెన్స్ కార్డులో పిల్ల పేరు ఒకలా, చీటీలో ఒకలా ఉంది. కౌంటర్లో అమ్మాయి ఎవరికో ఫోన్ చేసి, రిసీవర్ చెవికి ఆనించుకుని, "ఇంకొక్క నిమిషం" అంటూ చేయి చూపిస్తోంది. అక్కడి నుంచి కారు కనబడదు. వెళ్లిపోదామా అనుకుంది వసంతలక్ష్మి. మందు లేకుండా వెళితే పిల్లకు మళ్లీ నొప్పి. ఇంకొక్క నిమిషం చూద్దామనుకుంది. అలా ఎన్ని నిమిషాలు అనుకుందో ఆమెకు తెలియలేదు.

బయటికి వచ్చేసరికి కారు ముందు పోలీసు బండి ఉంది. డ్రైవరు వైపు అద్దం పగిలి సీటు నిండా గాజు ముక్కలు. తార ఎవరో పెద్దావిడ చేతుల్లో, చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి, మొహం కందిపోయి, వెక్కిళ్లు పెట్టి ఏడుస్తోంది. పోలీసులకు ఫోన్ చేసింది ఆ పెద్దావిడే. అంబులెన్స్ వాళ్లు వచ్చి చూసి, పిల్లకు ప్రమాదమేమీ లేదన్నారు. వసంతలక్ష్మి తన పిల్ల కోసం రెండు చేతులూ చాచింది. ఆ చేతులకే బేడీలు వేశారు.

పసిపిల్లను కారులో ఒంటరిగా వదిలితే ఈ దేశంలో పోలీసు కేసే. స్టేషన్‌లో వేలిముద్రలు తీసుకున్నారు. ఎదురుగా ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో తీశారు. షాపు బయటి కెమెరా చూసి రిపోర్టులో రాశారు: పద్నాలుగు నిమిషాలు. బాధితురాలు అన్న చోట తార పేరు, వయసు మూడేళ్లు అని రాశారు.

పిల్లల సంక్షేమ శాఖ నుంచి ఇద్దరు ఇంటికి వచ్చారు. ఫ్రిజ్ తెరిచి చూశారు, పిల్ల పడుకునే చోటు చూశారు, తార వీపు మీద చొక్కా ఎత్తి చూశారు. పక్కింటివాళ్లను అడిగారు. నెలన్నర తర్వాత, నిర్లక్ష్యం అనడానికి ఆధారం లేదని ఉత్తరం రాసి ఆ ఫైలు మూసేశారు. పోలీసు కేసు మాత్రం వేరు. అది ఊరి మునిసిపల్ కోర్టుకు వెళ్లింది. రఘువీర్ ఆఫీసులో ఎవరో చెప్పిన లాయరు, కోర్టు వరండాలో పది నిమిషాలు మాట్లాడాడు. పెద్ద సెక్షన్ తీసేసి చిన్నది పెడతారు, గిల్టీ అనండి, జరిమానాతో పోతుంది, ఇది క్రైమ్ కింద లెక్క కూడా కాదు అన్నాడు. జడ్జి అడిగినప్పుడు, పిల్లను కారులో వదిలిన మాట నిజమే కదా అనుకుంది వసంతలక్ష్మి. "గిల్టీ" అంది. కోర్టులో ఆమె పలికిన మాట అదొక్కటే.

ఆ తర్వాత సంగతులన్నీ చప్పుడు లేకుండా జరిగాయి. పక్క బ్లాకులో ఉండే మీనా, అంతకు ముందు వారానికి మూడు రోజులు తన కొడుకును వీళ్లింట్లో వదిలి వెళ్లేది. "మావాడికి స్విమ్మింగ్ క్లాసులున్నాయి వసంతా" అంది ఒకసారి. ఆ తర్వాత ఏమీ అనలేదు, కానీ పిల్లాడిని తీసుకురాలేదు. రఘువీర్ ఆ రోజు గురించి ఒక్కసారి కూడా నోరెత్తలేదు. కోపంలో దెప్పలేదు, ప్రేమగా ఓదార్చనూ లేదు. అతని మౌనమే తనకు పడిన అసలు శిక్ష అనుకుంది ఆమె. వాళ్లు అపార్ట్‌మెంటు ఖాళీ చేసి ఊరికి అవతలి వైపు టౌన్‌హౌస్‌కు మారారు. అక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియదు. తారకు కూడా.

కొన్నేళ్లు గడిచాయి. వసంతలక్ష్మి ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఆ పిల్లల తల్లుల్లో ఒకామె, "మీరు ఇంత బాగా చెప్తారు, డేకేర్‌లో ట్రై చేయొచ్చుగా" అంది. ఆ మాట మనసులో నాటుకుంది. కాలేజీలో చిన్నపిల్లల విద్య కోర్సులో చేరి, తన కంటే ఇరవయ్యేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని పాసైంది. 2014 వసంతంలో ఇంటికి దగ్గర్లోని ఒక ప్రీస్కూల్లో అసిస్టెంట్ టీచర్‌గా తీసుకుంటామన్నారు. దరఖాస్తులో, ఏదైనా క్రైమ్‌లో శిక్ష పడిందా అన్న ప్రశ్నకు, పాత లాయరు మాట గుర్తు చేసుకుని, లేదని టిక్కు పెట్టింది. పాత కేసులేవైనా ఉన్నాయేమో చూసేందుకు వేలిముద్రలు అడిగితే ఇచ్చింది.

రెండు వారాలకు డైరెక్టర్ పిలిచింది. పెద్దావిడ, మర్యాదస్తురాలు. తలుపు మూసి, బల్ల మీద ఉన్న కాగితాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

"ఇది చదివాక మా బోర్డు ఒప్పుకోవడం లేదు. నేను మీ డెమో క్లాసు చూశాను, అందుకే ఇది చెప్పడం నాకు ఇంకా కష్టంగా ఉంది. ఒక మంచి లాయర్‌ను కలవండి."

వసంతలక్ష్మి ఇంటికి వచ్చి, కొత్తగా కొన్న ఉద్యోగపు బట్టలు కవర్లోంచి తీయకుండానే అలమారాలో పెట్టింది. సాయంత్రం భర్తకు చెప్పింది.

"పదేళ్లయింది వసంతా. ఇప్పుడు మళ్లీ ఎందుకు కెలకడం? నీకు ఉద్యోగం లేకపోతే మనకేం గడవదా?"

"గడవడం గురించి కాదండీ. మీకు పదేళ్లయింది. నాకు ఇంకా కాలేదు."

ఓక్ ట్రీ రోడ్డులో ఒక ట్రావెల్ ఏజెన్సీ పై అంతస్తులో లాయరు రేణు ఆఫీసు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. ముప్ఫై రెండేళ్లుంటాయి. ఆమెకు వచ్చిన తెలుగు ఇంట్లో వాళ్లమ్మతో మాట్లాడే తెలుగే, అందుకని మీరు అనబోయి నువ్వు అనేస్తుంది, వెంటనే నాలుక కరుచుకుంటుంది. రఘువీర్ కూడా వెంట వచ్చాడు, కానీ తలుపు పక్కన కుర్చీలో, ఏ క్షణమైనా లేచి వెళ్లిపోయేవాడిలా కూర్చున్నాడు.

రేణు కాగితాలన్నీ చదివింది. "ఆంటీ, దీన్ని ఎక్స్‌పంజ్ చేయించొచ్చు. అంటే రికార్డ్ చెరిపేయడం. ఈ స్టేట్‌లో ఇలాంటి కేస్‌కి ఫైవ్ ఇయర్స్ వెయిట్ చేయాలి, నీకు... సారీ, మీకు టెన్ అయింది. మీరు చేసుకోవచ్చని అప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"ఓకే. పిటిషన్ వేస్తా కౌంటీ కోర్ట్‌లో. పోలీస్, ప్రాసిక్యూటర్, స్టేట్, అందరికీ కాపీలు పంపాలి. వాళ్లు అబ్జెక్ట్ చేయకపోతే ఈజీ. చేస్తే జడ్జ్ ముందు చెప్పాలి. అందుకని ఫస్ట్ నాకు చెప్పండి. ఆ రోజు ఏం జరిగింది? రిపోర్ట్‌లో ఉన్నది కాదు. మీకు తెలిసింది. స్లోగా చెప్పండి, నాకు తెలుగు అర్థం అవుతుంది."

పదేళ్లుగా ఆ రోజు గురించి ఉన్నదంతా ఇంగ్లీషులోనే ఉంది. పోలీసులు రాసింది, సంక్షేమ శాఖ వాళ్లు అడిగింది, కోర్టులో చదివింది. తన భాషలో ఆ సంగతి వసంతలక్ష్మి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. మెల్లగా మొదలుపెట్టింది. చెవిపోటు, నిద్రలేని మూడు రోజులు, వాలిపోయిన పిల్ల మెడ.

"పొద్దున్నే ఈయనకి ఫోన్ చేశానమ్మా. నాకు కళ్లు తిరుగుతున్నాయి, ఈ పూటకి ఇంటికి రాగలరా, మందు తెచ్చిపెడితే చాలు అన్నాను. ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ ఉందన్నారు. ఆయన తప్పేం లేదు. ఉద్యోగం కదా."

తలుపు పక్కన కుర్చీ కదిలిన చప్పుడైంది. రఘువీర్ లేచి వెళ్లలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు.

"నేను ఆ మీటింగ్‌లో నోరు కూడా విప్పలేదు" అన్నాడు కాసేపటికి. "ఊరికే కూర్చున్నాను. ఫోన్ వచ్చేసరికి నిన్ను స్టేషన్‌కు తీసుకెళ్లిపోయారు. వసంతా, నీ మొహం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. ఏమని మాట్లాడను?"

పదేళ్లపాటు తనను నిందిస్తున్నాడనుకున్న మౌనం వెనక ఉన్నది ఇదా అని ఆమె అతని వైపే చూస్తూ ఉండిపోయింది. కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేకపోయింది. రేణు తన ప్యాడ్ మీద రాసుకుని అంది: "అంకుల్, ఇది మీరు రాసి సంతకం పెట్టాలి. నాకు కావాలి."

పిటిషన్ సెప్టెంబరులో వేశారు. రిజిస్టర్డ్ ఉత్తరాలు అందినట్టు ఆకుపచ్చ కార్డులు ఒక్కొక్కటే రేణు ఆఫీసుకు తిరిగి వచ్చాయి. నవంబరులో రేణు ఫోన్ చేసింది. ప్రాసిక్యూటర్ ఆఫీసు అభ్యంతరం చెప్పింది. పిల్లలతో పనిచేయబోయే మనిషి కాబట్టి ఈ రికార్డు అందరికీ కనబడుతూ ఉండడమే మంచిదని వాళ్ల వాదన.

"కోర్ట్‌కి వెళ్లాలి ఆంటీ. ఇంకో మాట. తారకి చెప్పారా?"

"లేదమ్మా. చిన్నపిల్ల."

"థర్టీన్ చిన్న కాదు. ఈ పేపర్‌లో తన పేరు ఉంది. వేరే ఎవరి దగ్గరో వినేకంటే నీ దగ్గర వింటే మంచిది." ఈసారి రేణు నాలుక కరుచుకోలేదు.

మర్నాడు స్కూలు నుంచి వచ్చాక తారను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని, పాలు కాచి ఇచ్చి, అంతా చెప్పింది వసంతలక్ష్మి. ఒక్క ముక్క దాచలేదు. తార గ్లాసు ముట్టలేదు.

"నేను ఏడ్చానా?"

"ఏడ్చావు."

"నాకు ఏం గుర్తు లేదు" అంది తార. "సో అందుకేనా, నన్ను ఎప్పుడూ కార్లో ఉండనీవు? గ్యాస్ స్టేషన్‌లో కూడా దిగమంటావు. స్నోలో కూడా. నా ఫ్రెండ్స్ ముందు ఎంత ఎంబరాసింగ్‌గా ఉంటుందో తెలుసా? నేను అనుకున్నా, నీకు నా మీద ట్రస్ట్ లేదని."

"నీ మీద కాదు తల్లీ. నా మీద."

తార లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు. రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడో రోజు పొద్దున బస్సుకు వెళ్తూ వెనక్కి తిరిగి, "కోర్ట్ ఎప్పుడు? నేను వస్తా" అంది. వద్దంది తల్లి. "అందులో నా పేరు కూడా ఉంది కదా అమ్మా" అంది తార.

జనవరిలో, రోడ్ల పక్కన మంచు గుట్టలు గట్టిపడి ఉన్న రోజున, కౌంటీ కోర్టుకు వెళ్లారు. ఈసారి తెలుగు దుబాసీని ఏర్పాటు చేయించింది రేణు. శేషగిరి అని, నెరిసిన మీసాల పెద్దమనిషి. ప్రాసిక్యూటర్ తరఫున వచ్చిన యువకుడు కటువుగా ఏమీ మాట్లాడలేదు. ఈమె చెడ్డ తల్లి అని నేను అనడం లేదు, కానీ పిల్లల్ని అప్పగించే తల్లిదండ్రులకు తెలుసుకునే హక్కు ఉంది అన్నాడు. ఆ మాట విని వసంతలక్ష్మి లోలోపల తలూపింది. తనే ఆ తల్లి అయితే తనూ అదే అడిగేది.

రేణు లేచి సంక్షేమ శాఖ ఉత్తరం చూపించింది, రఘువీర్ రాసిచ్చినది చదివింది, కాలేజీ మార్కులు, ఆదివారం బడి తల్లులు రాసిన ఉత్తరాలు ఇచ్చింది. జడ్జి అన్నీ ఓపికగా తిప్పి చూసింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు తీసి నేరుగా వసంతలక్ష్మిని అడిగింది: ఇది చెరిపేయమని మీరు ఎందుకు కోరుతున్నారు?

వసంతలక్ష్మి లేచి నిలబడింది. రేణుతో కలిసి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో బట్టీ పట్టింది. అవన్నీ ఎగిరిపోయాయి. తెలుగులో చెప్పింది.

"అది జరగలేదని అనమని అడగడం లేదమ్మా. జరిగింది. పద్నాలుగు నిమిషాలు నా బిడ్డ ఒంటరిగా ఏడ్చింది. మీరు చెరిపినా నా లోపల చెరగదు. నాకు చెరగాలనీ లేదు. కానీ ఆ కాగితంలో నేను ఆ పద్నాలుగు నిమిషాలు మాత్రమే. అంతకు ముందు నాలుగేళ్లు ఊళ్లో పిల్లల్ని సాకాను, ఆ తర్వాత పదేళ్లు ఈ పిల్లని పెంచాను. అది ఏ కాగితంలోనూ లేదు."

శేషగిరి గొంతు సవరించుకుని, తొందరపడకుండా, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జి వెనక బెంచీ వైపు చూసి, ఆ అమ్మాయి ఎవరని అడిగింది. తార లేచి నిలబడింది.

"ఐ యామ్ ద విక్టిమ్" అంది. తనకు ఆ రోజు గుర్తు లేదని, తనకు గుర్తున్నవన్నీ వేరే రోజులని, ఆ రోజులన్నిట్లో అమ్మ ఉందని చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక కూర్చుండిపోయింది. రఘువీర్ ఆమె భుజం మీద చేయి వేశాడు.

జడ్జి అప్పటికప్పుడు తేల్చలేదు. రాతపూర్వకంగా ఇస్తానంది. మూడు వారాలు ఎదురుచూపులతో గడిచాయి. ఫిబ్రవరి మధ్యలో రేణు ఫోన్ చేసి, "ఆంటీ, గ్రాంటెడ్" అంది. ఆ ఒక్క మాటా విని వసంతలక్ష్మి పొయ్యి కట్టేసి, వంటింట్లో కింద కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు.

ఆర్డరు ప్రతి తీసుకోవడానికి వెళ్లినప్పుడు రేణు జాగ్రత్తలన్నీ చెప్పింది. పోలీసులు, కోర్టులు తమ ఫైళ్లు విడిగా తీసి మూసేయడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ తర్వాత ఉద్యోగం వాళ్లు అడిగితే లేదని చెప్పొచ్చు, అది అబద్ధం కాదు.

"కానీ ఇమిగ్రేషన్ వేరు ఆంటీ. అది ఫెడరల్. సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడు అరెస్ట్ అయ్యారా అని అడుగుతారు. అక్కడ అవును అనే రాయాలి. ఈ పేపర్స్ అన్నీ జాగ్రత్తగా పెట్టుకోండి, పారేయకండి."

"అంటే పూర్తిగా పోలేదన్నమాట."

"పూర్తిగా కాదు. సారీ."

"ఎందుకమ్మా సారీ. నువ్వు చేయగలిగింది చేశావు." బల్ల మీదుగా చేయి చాచి రేణు చేయి పట్టుకుంది వసంతలక్ష్మి. కింద వీధిలో ఎవరో కారు హారన్ ఆపకుండా మోగిస్తున్నారు.

ప్రీస్కూల్లో ఆ ఉద్యోగం ఎప్పుడో వేరొకరికి ఇచ్చేశారు. డైరెక్టర్ మాత్రం మరిచిపోలేదు. ఆగస్టులో ఖాళీ వస్తే తనే పిలిచింది. మళ్లీ వేలిముద్రలు ఇవ్వమన్నారు. ఆ యంత్రం గాజు మీద వసంతలక్ష్మి ఒక్కో వేలూ పెట్టింది. రెండు వారాల పాటు ఫోన్ మోగినప్పుడల్లా పరుగెత్తి తీసింది. ఫలితం వచ్చింది. ఏమీ లేదని వచ్చింది.

2015 సెప్టెంబరులో ఆమెకు రెండేళ్ల పిల్లల గది ఇచ్చారు. మొదటి రోజు పదకొండు మంది పిల్లలు తల్లుల మెడలు వదలకుండా ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. గదిలోని మరో ఇద్దరు టీచర్లకు ఎవరిని ఎత్తుకోవాలో తోచలేదు. వసంతలక్ష్మి బూట్లు విప్పి చాప మీద కూర్చుని, చెక్క దిమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. ఎవరినీ పిలవలేదు. కాసేపటికి మొహమంతా కన్నీళ్లున్న ఒక పిల్ల వచ్చి, పక్కనే నిలబడి, ఒక దిమ్మ తీసి ఆమె చేతికిచ్చింది.